వెనక సీట్లో కూర్చుంటేనే సెడాన్ సంగతి తెలిసేది

షోరూమ్‌కి వెళ్లినవాళ్లు మొదట చేసే పని డ్రైవర్ సీట్లో కూర్చోవడం. స్టీరింగ్ పట్టుకుంటారు, ఎదురుగా పెద్ద స్క్రీన్ వెలుగుతుంది, సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు. అక్కడికి సగం బేరం అయిపోయినట్టే. రేపట్నుంచి ఆ కార్లో ఎక్కువసేపు గడపాల్సిన పెద్దవాళ్లు, పిల్లలు మాత్రం పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్లను వెనక సీట్లో ఓ పావుగంట కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ.

మిడ్‌సైజ్ ఫ్యామిలీ సెడాన్ల (డిక్కీ వెనక విడిగా ఉండే మధ్యతరహా కార్ల) మీద వచ్చే పోలికలు కూడా చాలావరకు ఇదే వరస. హార్స్‌పవర్ ఎంత, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని. పేరులోనే ఫ్యామిలీ ఉన్న కారును డ్రైవర్ ఒక్కడి కళ్లతో చూడటం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. నన్నడిగితే ఈ కార్లను రెండు చోట్ల నుంచి పోల్చాలి. ఒకటి వెనక సీటు. రెండోది, కొన్న ఎనిమిదేళ్లకో పదేళ్లకో ఆ కారు ఎలా ఉంటుందన్న ఊహ.

అసలు ఈ తరగతిలో ఇప్పుడు పోల్చడానికి మిగిలినవే తక్కువ. ఉత్తర అమెరికాలో సెడాన్లు దాదాపుగా మానేస్తున్నట్టు ఫోర్డ్ 2018లో ప్రకటించింది. అన్నట్టే 2020లో ఫ్యూజన్ ఆగిపోయింది, 2022లో యూరప్‌లో మాండియో కూడా వెళ్లిపోయింది. మాజ్డా 6 అమెరికా మార్కెట్ నుంచి 2021తో తప్పుకుంది. యూరప్‌లో 2023లో వచ్చిన కొత్త ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ ఎస్టేట్‌గా (రూఫ్ డిక్కీ చివరిదాకా సాగే కారుగా) మాత్రమే వచ్చింది, సెడాన్ లేదు. షెవ్రొలే మాలిబు 2024లో, సుబారు లెగసీ 2025లో ముగిశాయి. పాతకాపుల్లో టయోటా కామ్రీ, హోండా అకార్డ్, హ్యుందాయ్ సొనాటా, కియా కే5 లాంటివి నిలబడ్డాయి. కరెంటు బండ్ల వైపు నుంచి టెస్లా మోడల్ 3, హ్యుందాయ్ అయోనిక్ 6, బీవైడీ సీల్ వచ్చి పక్కన చేరాయి.

జనం ఎస్‌యూవీల వైపు ఎందుకు వెళ్లారో అందరికీ తెలిసిందే. ఎత్తుగా కూర్చోవచ్చు, మోకాళ్లు ఎక్కువ వంచకుండా ఎక్కి దిగొచ్చు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, ఆ ఒక్క కారణంతో ఎస్‌యూవీ కొన్నవాళ్లను నేను తప్పు పట్టను. కాకపోతే ఆ ఎత్తుకి కట్టే మూల్యం కూడా తెలిసి ఉండాలి. 2019 మోడల్‌గా వచ్చిన టయోటా రావ్4 ఎస్‌యూవీ, ఆ కంపెనీదే కామ్రీ సెడాన్ రెండూ ఒకే ప్లాట్‌ఫాం (అడుగు నిర్మాణం) మీద తయారైనవి, రెండింటి హైబ్రిడ్లలోనూ (ఇంజన్‌కి తోడు కరెంటు మోటారు ఉండేవాటిలోనూ) ఉన్నది 2.5 లీటర్ల ఇంజనే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ లెక్కల ప్రకారం 2025 మోడల్ రావ్4 హైబ్రిడ్ లీటరుకు దాదాపు 17 కిలోమీటర్లు ఇస్తే, అదే ఏడాది ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) కామ్రీలో బేస్ వేరియంట్ 21 దాకా ఇస్తుంది. కామ్రీలో హైబ్రిడ్ వ్యవస్థ ఒక తరం కొత్తది కాబట్టి తేడాలో కొంత దాని పుణ్యం. మిగతాది బరువు, ఎత్తు, గాలిని చీల్చుకుంటూ వెళ్లాల్సిన ముందు భాగం సైజు.

ఇక వెనక సీటు సంగతి. బ్రోషర్లో రాసే లెగ్‌రూమ్ అంకెను నమ్మి కారు కొంటే బోల్తా పడతాం. 2020 తర్వాతి సొనాటాకి వెనక లెగ్‌రూమ్ 88 సెంటీమీటర్లని రాస్తారు. కామ్రీకి 97, అకార్డ్‌కి 104. చూడగానే సొనాటా ఇరుకు కారనిపిస్తుంది. కానీ దాని ముందు సీటు అంకె చూడండి, 117 సెంటీమీటర్లు! మిగతా రెండింటికీ ఆ అంకె 107 దగ్గరే. సంగతేమిటంటే సొనాటా ముందు సీటు పట్టాల మీద మరీ వెనక్కి జరుగుతుంది. అంత వెనక్కి జరిపి కొలిస్తే వెనక మిగిలేది తక్కువే కదా. ఆరడుగుల మనిషి కూడా సీటును అంత వెనక్కి తోసుకుని నడపడు. ముందూ వెనకా అంకెలు కలిపి చూస్తే సొనాటా 205, కామ్రీ 203 లేదా 204, అకార్డ్ 211. అంటే సొనాటా, కామ్రీ దాదాపు సమానం. నిజంగా ఎడం ఎక్కువున్నది అకార్డ్‌లో. ఈ చిన్న కూడిక వేయకుండా సొనాటాను ఇరుకు కారని తేల్చేసిన పోలికలు చాలా చూశాను.

అయినా కాళ్లు చాపుకునే చోటు ఒక్కటే సుఖం కాదు. తొడల కింద సీటు ఎంత దూరం ఆనుతుందన్నది అంతకన్నా ముఖ్యం. గంట ప్రయాణం దాటాక నడుం లాగుతోందని వెనక కూర్చున్నవాళ్లు అంటే, చాలాసార్లు అసలు దోషం ఈ థై సపోర్ట్ లేకపోవడమే. సీటు చిన్నదిగా, కిందకి చేసేస్తే బ్రోషర్లో లెగ్‌రూమ్, హెడ్‌రూమ్ రెండూ పెరిగినట్టు కనిపిస్తాయి. మోకాళ్లు మాత్రం గాల్లో ఉంటాయి. ఎలక్ట్రిక్ సెడాన్లలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి పాదాలు పెట్టే చోటు పైకి వస్తుంది. సీటును కూడా అంతే పైకి లేపితే తల రూఫ్‌కి తగులుతుంది, లేపకపోతే మోకాళ్లు పైకి లేస్తాయి. అయోనిక్ 6 వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,950 మిల్లీమీటర్లు, కామ్రీది 2,825. అయోనిక్‌లో కాళ్లకు చోటు పుష్కలం, నేల కూడా చదును. కానీ గాలి నిరోధం తగ్గించడానికి రూఫ్‌ను వెనక్కి విల్లులా వంచారు, పొడుగు మనుషులకు తల దగ్గర ఆ వంపు తెలుస్తుంది. ఈ వంపు పెట్రోలు కార్లకూ అంటుకుంది. సెడాన్‌ను కూపేలా (రెండు డోర్ల స్పోర్ట్స్ కారులా) చూపించాలన్న మోజు వల్ల వెనక డోరు పైఅంచు కిందకి దిగిపోతోంది. పిల్లను ఎత్తుకుని చైల్డ్ సీట్లో పెట్టేటప్పుడు తల తగిలించుకున్నవాళ్లకు ఈ ఫ్యాషన్ మీద అభిప్రాయం వేరేగా ఉంటుంది.

డిక్కీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అకార్డ్ సుమారు 473 లీటర్లు, సొనాటా 453, కామ్రీ 428. ముగ్గురు నలుగురి సామాన్లకు మూడూ సరిపోతాయి. లీటర్ల కన్నా మూత తెరిచాక ఆ నోరు ఎంత వెడల్పుందో చూసుకోవాలి. స్కోడా సూపర్బ్ లాంటి కార్లలో వెనక అద్దం సహా మూత లేచిపోతుంది కాబట్టి పెద్ద పెట్టెలు సులువుగా పడతాయి. మరొకటి, యూరప్ కొలత, అమెరికా కొలత ఒకటి కావు. కాబట్టి సూపర్బ్ 645 లీటర్లలోంచి అకార్డ్ 473 తీసేసి తేడా ఇంత అని లెక్కేయకూడదు.

నా దృష్టిలో ఈ కార్లలో సుఖాన్ని ఎక్కువగా నిర్ణయించేది టైరు. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. కామ్రీ బేస్ వేరియంట్ ఎల్ఈకి 205/65 ఆర్16 టైర్లు వస్తాయి. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, 133 మిల్లీమీటర్లు, చక్రం 16 అంగుళాలు. అదే కారు టాప్ వేరియంట్ ఎక్స్ఎస్ఈకి 235/40 ఆర్19. అక్కడ పక్క గోడ 94 మిల్లీమీటర్లే. గుంతలో పడ్డప్పుడు మొదట నలిగి దెబ్బ మింగేది ఆ రబ్బరే. డబ్బు ఎక్కువ కట్టి దాదాపు నాలుగు సెంటీమీటర్ల కుషన్ పోగొట్టుకుంటున్నామన్నమాట. పోనీ మైలేజీ పెరుగుతుందా అంటే అదీ లేదు. ఈపీఏ లెక్కలో ఎల్ఈ లీటరుకు 21.7 కిలోమీటర్ల దాకా ఇస్తే, పెద్ద చక్రాల వేరియంట్లు 20 దగ్గర ఆగిపోతాయి. అకార్డ్ హైబ్రిడ్‌లోనూ ఇదే కథ. 17 అంగుళాల చక్రాల ఈఎక్స్-ఎల్ 20.4, 19 అంగుళాల టూరింగ్ 18.7. ఇంజన్ అదే, మోటార్లు అవే. పైగా పెద్ద చక్రాలకు కొత్త టైర్లు మార్చేటప్పుడు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అలాయ్ వీల్ అంచు వంగే ప్రమాదం కూడా ఎక్కువే. ఫొటోలో అందంగా ఉంటాయి, అది కాదనను.

గేర్‌బాక్స్ గురించి పాత వాదనలు ఇంకా నడుస్తున్నాయి గానీ, హైబ్రిడ్లు వచ్చాక వాటి అర్థం మారిపోయింది. 2025 మోడల్ నుంచి అమెరికాలో కామ్రీ హైబ్రిడ్‌గా తప్ప దొరకదు, ఆరు సిలిండర్ల వీ6 ఇంజన్ పోయింది. టయోటా పద్ధతిలో ఇంజన్, రెండు మోటార్లు ఒక ప్లానెటరీ గేర్ సెట్ (మధ్య చక్రం చుట్టూ చిన్న పళ్ల చక్రాలు తిరిగే అమరిక) దగ్గర కలుస్తాయి. హోండాలో ఇంజన్ ఎక్కువసేపు జనరేటర్ తిప్పే పనిలోనే ఉంటుంది, చక్రాలను తిప్పేది మోటారు. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ పడి ఇంజన్ నేరుగా చక్రాలకు అందుతుంది. రెండింటిలోనూ మామూలు గేర్లు లేవు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ లేదు. వేగం తగ్గించేటప్పుడు మోటారే చాలావరకు ఆపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. హైబ్రిడ్ అంటే పార్టులు ఎక్కువ, రిపేర్లు ఎక్కువ అని భయపడేవాళ్లు ఈ లేని పార్టుల లిస్టు కూడా చూడాలి. సొనాటా హైబ్రిడ్ దారి వేరు, అందులో మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. గేర్లు మారే అనుభూతి కావాలనుకునేవాళ్లకు అది నచ్చుతుంది. మెట్టు మెట్టుగా గేర్లు మారని ఇలాంటి సీవీటీ తరహా కార్లలో గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్వరంతో మూలుగుతుందన్న ఫిర్యాదులో నిజం ఉంది. కుటుంబంతో వెళ్లేటప్పుడు ఎన్నిసార్లు అంత గట్టిగా తొక్కుతామన్నది వేరే ప్రశ్న.

హైబ్రిడ్ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. చాలా టయోటా హైబ్రిడ్లలో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, దాన్ని చల్లబరిచే గాలి ఆ సీటు దగ్గరున్న జాలీలోంచి వెళ్తుంది. పిల్లల బ్యాగులు, దుప్పట్లు దానికి అడ్డుపడితే బ్యాటరీ వేడెక్కుతుంది.

ఫీచర్ల విషయంలో నాకున్న చిరాకు దాచుకోను. నిజంగా పనికొచ్చేవి ఇప్పుడు ఫీచర్లే కావు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ తప్పనిసరి. అమెరికాలో రివర్స్ కెమెరా 2018 నుంచే తప్పనిసరి. కాబట్టి ఇవి ఉన్నాయని ఎవరైనా గొప్పగా చెబితే నవ్వి ఊరుకోవచ్చు. అడగాల్సింది వెనక సీటు రక్షణ గురించి. అమెరికాలో కార్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ 2022లో తన మోడరేట్ ఓవర్‌ల్యాప్ క్రాష్ టెస్టును (కారు ముందు భాగంలో ఒక పక్కను అడ్డంకికి గుద్దించే పరీక్షను) మార్చి వెనక సీట్లో కూడా ఒక డమ్మీని కూర్చోబెట్టింది. ఎయిర్‌బ్యాగులు, మెరుగైన బెల్టులు ముందు సీట్లకు వచ్చినంత వేగంగా వెనక్కి రాలేదని వాళ్లు గమనించడమే అందుకు కారణం. కొనబోయే కారుకు ఆ కొత్త టెస్టులో ఏ రేటింగ్ వచ్చిందో వెతికి చూడటం ఐదు నిమిషాల పని.

స్క్రీన్ల సంగతి మరీ విడ్డూరం. ఏసీ తగ్గించడానికి రెండు మెనూలు దాటి వెళ్లాల్సి రావడాన్ని ఎవరు సౌకర్యమన్నారో తెలీదు. 2023లో మార్చిన మోడల్ 3లో టెస్లా ఇండికేటర్ కాడ కూడా తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది. ఇటు యూరప్‌లో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటివాటికి చేత్తో తడిమితే తెలిసే మీటలు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. అకార్డ్ ఏసీకి ఇంకా గుండ్రటి నాబ్‌లే ఉంచింది, ఆ ఒక్కదానికి నేను ఓ మార్కు ఎక్కువేస్తాను. పదేళ్ల తర్వాత ఆ నాబ్ అలాగే తిరుగుతుంది. పదేళ్ల నాటి టచ్ స్క్రీన్ ఎలా ఉంటుందో అంత పాత ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే అర్థమవుతుంది. సన్‌రూఫ్ కూడా అంతే. మొదటి నెల మోజు తీరాక మిగిలేది తల పైన తగ్గిన కొన్ని సెంటీమీటర్లు, శుభ్రం చేసుకోవాల్సిన నీటి దారులు.

అందుకే డబ్బుకి తగ్గ విలువ అన్నప్పుడు నా చూపు టాప్ ఎండ్ మీదకు పోదు. కారు అమ్మేటప్పుడు పెద్ద స్క్రీన్‌కీ, అదనపు స్పీకర్లకూ పెట్టిన డబ్బు చాలా వేగంగా కరిగిపోతుంది. ఇంజన్‌కీ, మోడల్‌కున్న పేరుకీ పలికే ధర నిదానంగా తగ్గుతుంది. ఉత్పత్తి ఆగిపోయిన మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే వదులుకోనక్కర్లేదు, ముఖ్యంగా మాజ్డా 6 లాంటి మంచి కారైతే. ఫిల్టర్లు, బ్రేకులకు ఢోకా ఉండదు. బంపర్లు, హెడ్‌లైట్లు, డోరు లోపలి ప్లాస్టిక్ లాంటివి మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ వెతుక్కోవాల్సి రావచ్చు. దాన్ని ముందే ధరలో తగ్గించుకోవాలి.

కామ్రీ, అకార్డ్, సొనాటా మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే, వెనక రోజూ పెద్దవాళ్లు కూర్చునే ఇంటికి నేను 17 అంగుళాల చక్రాల అకార్డ్ హైబ్రిడ్ చెబుతాను. ఎక్కువ తిరిగి, ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవాళ్లకు కామ్రీ ఎల్ఈ. బేస్ వేరియంటేమిటని నొసలు చిట్లించేవాళ్లు ఒకసారి గతుకుల రోడ్డు మీద రెండు వేరియంట్లలోనూ వెనక కూర్చుని చూడండి. ముందు సీట్లోనే సుఖం కావాలి, వెనక పిల్లలే అంటే సొనాటా బాగుంటుంది.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు స్టీరింగ్ ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి, డబ్బు కట్టబోయేవాళ్లు వెనక కూర్చోవాలి. చైల్డ్ సీటుంటే ఇంటి నుంచి పట్టుకెళ్లి బిగించి చూడాలి. సేల్స్ కుర్రాడు కాస్త విసుక్కోవచ్చు, ఫర్వాలేదు. బిగించాక పిల్లను అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టడానికి నడుం ఎంత వంచాల్సి వస్తోందో చూసుకోండి. ఆ పని రోజుకు రెండు మూడుసార్లు ఉంటుంది.