వరి వేరు గారికి, మీ గేటు దగ్గర జరిగే బాగోతం గురించి

అయ్యా వేరు గారూ,

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కాలవ కింద నాకు మూడెకరాలుండాది. మొన్న గట్టు మీద కూర్చోని ఫోన్‌లో మీ గురించి చదివా, ఆ రాత్రి అన్నం సహించలా.

ఇన్నాళ్లూ తల వంచుకోని బురదలో మీ పని మీరు చేసుకుంటున్నారనుకున్నా. మాంగనీసు లేకపోతే పైరు ఎదగదు కాబట్టి దానికోసం ఎన్‌ర్యాంప్5 అని ఒక గేటు పెట్టుకున్నారు, బాగుంది, కానీ అదే గేట్లో కాడ్మియం అనే విష లోహం వచ్చి నేను మాంగనీసోళ్ల తాలూకు అన్నట్టు నిలబడితే ఆధార్ కూడా అడక్కుండా పంపిచ్చేస్తారా? సిలికా కోసం ఇంకో గేటు, ఊకకి ఆ గరుకుదనం దాన్నించే వస్తాది, ఒప్పుకుంటా, అందులోంచి ఆర్సెనిక్ అనే ఇంకో విషం దూరతాది. పెళ్లిలో ఆడపెళ్లివాళ్ల దగ్గర మగపెళ్లివాళ్లమని, వీళ్ల దగ్గర వాళ్లమని చెప్పి భోంచేసి పోయే బ్యాచ్ ఉంటారే, అచ్చం అట్టానే ఉంది మీ కత.

పోనీ లోపలికొచ్చాక అయినా ఊరుకున్నారా అంటే, లేదు, అక్కడ మీ పనితనం మెచ్చుకోవాల్సిందే. ఫైటోకీలాటిన్లని అప్పటికప్పుడు తాళ్లు పేని కాడ్మియాన్ని కట్టేస్తారు, హెచ్‌ఎంఏ3 అనే బంట్రోతు దాన్ని మీ కణాల్లో ఉండే కొట్టుగదిలోకి తోసేస్తాడు, ఇంక అది గింజ దాకా ఎక్కేది తక్కువ. కొన్ని రకాల వరిలో ఆ బంట్రోతు పనే చెయ్యడంట! మరి రానిచ్చేదెందుకు, కట్టేసేదెందుకు సామీ?

జపాన్‌లో టొయామా అనే చోట గని కాడ్మియం జింజు నది నీళ్లలో పొలాలకొచ్చి, ఆ బియ్యం తిన్నోళ్ల ఎముకలు విరిగిపోయినాయి, ఆ జబ్బు పేరే ఇటాయ్ ఇటాయ్, అంటే నొప్పి నొప్పి అని. అది కాడ్మియం వల్లేనని 1968లో గానీ ప్రభుత్వం ఒప్పుకోలా. ఇప్పుడు వాళ్లే కొషిహికారి అనే వాళ్ల వరి రకం మీద అయాన్లతో, అంటే కరెంటు ఉండే సన్న కణాలతో, కొట్టి ఆ మాంగనీసు గేటునే పాడుచేసి 2012లో చూపించారు, దిగుబడి పెద్దగా తగ్గలా. మీరు చెయ్యాల్సిన పని వాళ్లు చేశారు చూడండి.

ఇంకో గోల. చేలో నీళ్లు నిలబెడితే కాడ్మియం గంధకంతో కలిసి బురదలో పడుంటాది గానీ ఆర్సెనిక్ లేస్తాది, ఆరబెడితే ఆర్సెనిక్ అణిగి కాడ్మియం లేస్తాది. నీళ్లు ఎప్పుడొస్తాయో లస్కర్‌కే తెలవదు, ఇంక మీకు తగ్గట్టు కట్టేది, తీసేది నా చేతిలో యాడుంది?

గేటు సంగతి కొంచెం చూడండి.

ఇట్లు,
మూడెకరాల రైతు

తా.క. ఫాస్ఫేట్ రాయిలో కాడ్మియం కొంచెం ఉంటాదంట, పోయిన వారం నేను చల్లిన సూపర్ ఫాస్ఫేట్ ఎరువు బస్తాలు ఆ రాయితో చేసినయ్యే. అంటే వాడిని బండెక్కించి మీ గేటు దాకా దింపొచ్చింది నేనే. మా ఆవిడకి చెప్పబాకండి.