సవరణ: రానుపోను ప్రయాణంలో సరాసరి వడి 45 కాదు, 40

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇచ్చిన చలనం లెక్కల్లో ఒకదాన్ని సరిచేస్తున్నాం. బస్సు విజయవాడ నుంచి గుంటూరుకు గంటకు 60 కి.మీ. వడితో వెళ్లి, అదే దారిన 30 కి.మీ. వడితో తిరిగొస్తే సరాసరి వడి 45 అని అందులో ఉంది. 40 అని దిద్దుకోండి.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒకవైపు దూరం 30 కి.మీ. అనుకుందాం. వెళ్లడానికి అరగంట, రావడానికి గంట. మొత్తం 60 కి.మీ.కి గంటన్నర పట్టింది కాబట్టి 40. దూరం 36 అనుకున్నా జవాబు మారదు, కావాలంటే వేసి చూడండి. బస్సు నెమ్మదిగా నడిచిన సమయం రెట్టింపు, అందుకే సరాసరి 30 వైపు లాగింది. గంటసేపు 60తో, ఇంకో గంట 30తో నడిచి ఉంటే మాత్రం 45 సరైనదే. రెండు వడులూ కూడి రెండుతో భాగించడం సమయాలు సమానమైనప్పుడే చెల్లుతుంది. పరీక్షలో టెన్షన్‌లో చాలామంది చేసేది ఆ భాగహారమే.

బస్సు బయల్దేరిన చోటికే వచ్చింది కాబట్టి స్థానభ్రంశం (మొదలైన చోటి నుంచి ఆగిన చోటికి, దిశతో సహా, నేరు దూరం) సున్నా. దాన్ని సమయంతో భాగిస్తే వచ్చే సరాసరి వేగమూ సున్నానే. ఇది ముందు సరిగ్గానే ఉంది.

దీని మీదే ఇంకో ప్రశ్న. మంగళగిరి దగ్గర ట్రాఫిక్ వల్ల వెళ్లేటప్పుడే 30 పడిందనుకోండి. మొత్తం మీద సరాసరి 60 రావాలంటే తిరుగుప్రయాణంలో ఎంత వడి కావాలి? 90 అనేస్తారు. కానీ 60 కి.మీ.కి ఉన్న ఒక్క గంటా గుంటూరు చేరేసరికే అయిపోయింది. ఇక ఎంత తొక్కినా 60 రాదు.