గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ఇంటర్నెట్ ఏదీ?

నరసాపురం, పాలకొల్లు, రాజోలు పల్లెల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళల్లో చాలామంది ఏజెంటు మాట ఒక్కటే నమ్మి విమానం ఎక్కుతున్నారు. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. కొద్ది నిమిషాల పని. ఆ కాసేపు పక్కన కూర్చుని చూపించే మనిషి దొరకక, పుస్తెలు తాకట్టు పెట్టి మోసపోయిన కుటుంబాలు డెల్టాలో ఉన్నాయి. ఆ మనిషి ఉండవలసిన చోటు ఊరి గ్రంథాలయం.

ఇంటింటా ఫోను ఉండగా గ్రంథాలయం ఎందుకని అడిగేవారున్నారు. ఫోనులో సినిమా చూడటం వేరు, ఇంజినీరింగ్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం వేరు. కళాశాలల కోడ్‌లన్నీ అరచేతి తెరపై పైకీ కిందికీ జరుపుకుంటూ వరుస తప్పకుండా ఎంచుకోవడం పెద్దలకే కష్టం. అందుకే పిల్లలు నెట్ సెంటర్‌కు పరుగెత్తుతున్నారు. పాస్‌వర్డు, ఓటీపీ ముక్కూమొహం తెలియని వారికి చెప్పి, నాలుగేళ్ల చదువును వారి చేతుల్లో పెడుతున్నారు. నెట్ సెంటర్లను నిందించడం మా ఉద్దేశం కాదు. అది వారి బతుకుదెరువు; వారే లేకపోతే ఎన్నో దరఖాస్తులు గడువు దాటిపోయేవి. కానీ ఆ డబ్బు కూడా ఇచ్చుకోలేని కూలీ బిడ్డ ఎక్కడికి వెళ్లాలి?

గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది తూర్పు గోదావరిలోని కొంకుదురులో. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటుకు పూనుకున్నది ఆయనే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద పుస్తకాలను పల్లెలకు చేర్చారు. చదువరి రాలేకపోతే పుస్తకమే వెళ్లాలనుకున్న తరం అది. ఆ తరం ఈనాడు ఉంటే ఇంటర్నెట్ తీగను ఏనాడో గ్రంథాలయంలోకి లాగి ఉండేది. అమెరికా 1996 నాటి టెలికాం చట్టంతోనే గ్రంథాలయాలకు ఇంటర్నెట్ చార్జీల్లో రాయితీకి దారి వేసింది. 2019లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును విద్యా హక్కులో భాగంగా గుర్తించింది.

డబ్బు లేదన్న మాటను మేము ఒప్పుకోము. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతూనే ఉన్నాం. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చేయకుండా బకాయి పెట్టడం ఏళ్ల తరబడి సాగుతున్న అన్యాయం. పాఠకుడు కట్టిన సొమ్ముతో వీధి దీపాలు వెలిగించి, గ్రంథాలయాన్ని చీకట్లో ఉంచడం తగదు.

ప్రతి శాఖా గ్రంథాలయంలో కనీసం రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, తుపాను రోజుల్లో కరెంటు పోయినా పనిచేసే ఇన్వర్టర్ ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టులు నింపి, దరఖాస్తు చేయించడంలో వారికి శిక్షణ ఇవ్వడం. మనిషి లేని కంప్యూటర్ దుమ్ము పట్టడానికే. వేళలూ మారాలి. వరి చేల నుంచి మహిళలు ఇల్లు చేరేసరికి గ్రంథాలయానికి తాళం పడుతోంది. రాత్రి ఎనిమిదిన్నర వరకైనా తెరిచి ఉంచాలి.

ముందుగా జరగవలసిన పని ఒకటుంది. ఈ ఏడాది ఊళ్లో ఎంత సెస్సు వసూలైంది, అందులో ఎంత గ్రంథాలయ సంస్థకు చేరిందన్న లెక్కను ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి.