మా మామ వాంటెడ్ అయిపోయినాడు

మా మామకి అనంతపురం పాతూరులో చిన్న హోటలుంది. పొద్దున ఉగ్గాని బజ్జి, పది దాటితే గిన్నెలు కడుక్కునుడే. బొరుగులు నానబెట్టేది, తిరగమాత, పుట్నాల పొడి అన్నీ అత్త చూసుకుంటాది గానీ బజ్జీ మాస్టరు పెళ్లికని ఊరికి పోయి ఫోన్ స్విచ్చాఫ్ పెట్టుకున్నాడు, ఇంక మామే బాణలి ముందర కూచోని మిరపకాయలు మాడుస్తా ఉన్నాడు.

"అల్లుడూ, బజ్జీ మాస్టర్ కావలెను అని ఒక ఫ్లెక్సీ కొట్టించుకోని రా" అన్నాడు. మనం ఊరికే ఉంటామా, డిగ్రీ ఇంగ్లీష్ మీడియం గదా. "కావలెను అంటే పాతకాలం మామా, వాంటెడ్ అని పెడితే ఆ లుక్కే వేరు" అంటి.

షాపులో పిల్లోడు ఫోటో ఏమన్నా ఉందా అన్నా అన్నాడు. తలకాయ లేని ఫ్లెక్సీ మా ఊర్లో యాడా ఉండదు, పుట్టినరోజు ఫ్లెక్సీలో అయితే పుట్టినోని మొహం వెతుక్కోవాల. సరేలే అని ఫోన్లో ఉండే మామ ఫోటో పంపిస్తి. రేషన్ కార్డు కోసం తీసింది అది, గడ్డం గీసుకోలేదు, నవ్వు లేదు, కెమెరాని కొట్టేటట్టు చూస్తా ఉంటాడు.

పొద్దున్నే కట్టినాక చూస్తే పైన బెత్తెడు ఎర్ర అక్షరాల్తో వాంటెడ్, కింద మామ, ఆ కింద ఫోన్ నంబరు. బజ్జీ మాస్టర్ అనే మాట యాడో అడుగున చీమంత.

పాలాయన చెంబులో పాలు పోసి డబ్బులడక్కుండానే పోయినాడు. ఆటోవాళ్లు దూరంగా నిలబడి ఫోటోలు తీసుకున్నారు. రోజూ ఉగ్గాని తినేదానికి వచ్చే కానిస్టేబులు ఫ్లెక్సీని చూసి, మామని చూసి, మళ్ల ఫ్లెక్సీని చూసి, "ఏమన్నా, మాకు చెప్పకుండా మీరే అతికించుకున్నారే" అన్నాడు. కడప నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసి ఏడుపు.

రాత్రికి మామ ఒకటే మాట. "నువ్వు వాంటెడ్‌గా చేసినావురా."

అప్పుడన్నా నోరు మూసుకోవాల్సింది. "ఇంగ్లీషోళ్లు అట్ల అనరు మామా, అది మన సొంత సరుకు. కావాలని చేసినాడు అంటాం గదా, ఆ కావాలనికి ఇంగ్లీషు చొక్కా తొడిగితే వాంటెడ్‌గా అయింది. బళ్లారోళ్లు గూడా కన్నడంలో బేకంతలే అంటారు, బేకు అంటే కావాల అనే" అని మొదలుపెడితి. ఆగలేదు. వాంట్ అనేది ఉత్తర యూరప్‌లో ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాషలోంచి వచ్చిన మాటని, అక్కడ దానర్థం లేకపోవడమని, ల్యాకపోతేనే గదా కావాలనిపించేది, అట్ల ఆశ అనే అర్థం తర్వాతెప్పుడో అంటుకునిందని, ఫర్ వాంట్ ఆఫ్ అంటే ఇప్పటికీ ఫలానాది లేక అనేనని, అన్నీ చెప్తి.

మామ అంతా విని, "అంటే నాకు మాస్టరు ల్యాకపోయేది వాంటు, నీకు బుద్ధి ల్యాకపోయేది గూడా వాంటేనా?" అన్నాడు. అత్త నవ్వలేక సంగటి గిన్నె కింద పెట్టేసింది.

మరుసటి రోజు బోర్డు మీద సుద్దముక్కతో కావలెను అని రాసినాడు, సాయంత్రానికల్లా మనిషి దొరికినాడు.

ఫ్లెక్సీ మాత్రం పారెయ్యలేదు. మొన్న వాన పడితే బయటుండే కట్టెల మీద కప్పినాడు, మొహం పైకి పెట్టి, వాంటెడ్ అనేది రోడ్డుకి కనపడేటట్టు. తిప్పి కప్పొచ్చు గదా మామా అంటే తలెత్తకుండా అన్నాడు, "వాంటెడ్‌గానే పెట్టినాలే."