ఆ చెల్లె అడిగింది పుస్తకం, మనం ఇచ్చింది మందలింపు

నిన్న ఆరాధన అయినంక చర్చి మెట్ల దగ్గర ఒక చెల్లె సంఘ పెద్దను అడిగింది. "అయ్యగారూ, అమ్మకు డయాలిసిస్ నడుస్తున్నది. బెడ్డు మీద ఉన్నంతసేపు భయపడుతున్నది. పక్కన కూసొని చదివి వినిపించేటందుకు మంచి క్రైస్తవ కథల పుస్తకమో, ఎవరన్న తన విశ్వాస జీవితం చెప్పుకున్న సాక్ష్యమో ఉంటే చెప్పండి" అని. ఆయన జవాబు: "బైబిల్ ఉండంగ కట్టుకథలెందుకమ్మా? వాక్యం చదువు, చాలు." చుట్టూ నిలబడ్డోళ్లు ఆమెన్ అన్నరు. ఆ పిల్ల "సరే అయ్యగారూ, వందనాలు" అని తల వంచుకొని పోయింది. నా కోపం ఇంకా తగ్గలేదు.

వాక్యం చాలు అంటున్న పెద్దలారా, ఆ వాక్యంలో ఏమున్నదో చూడండి. దావీదు రాజు పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త పోయి ధర్మశాస్త్రం అప్పజెప్పలేదు. ఒక బీదవాడు, వాని కౌగిట్లో పండుకునే ఒక్క గొర్రెపిల్ల, దాన్ని గుంజుకపోయి చుట్టానికి వండి పెట్టిన ధనవంతుడు, ఇట్ల కథ చెప్పిండు. రాజు మండిపడి, వాడు మరణపాత్రుడు అన్నంక గదా "ఆ మనుష్యుడవు నీవే" అన్నది! తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చిన ఆడమనిషి, వీళ్లంతా ప్రభువు చెప్పిన కథల్లోని మనుషులే. తిమోతి పత్రికలో కల్పనాకథలు వద్దని ఉన్నది కదా అంటరు. పౌలు అక్కడ మందలించింది కల్పనను సత్యబోధ అని చెప్పి జనాన్ని దారి తప్పించేటోళ్లను. ఇది కథ అని ముందే చెప్పి కథ చెప్పేటోళ్లను కాదు.

ఇక సాక్ష్యం పుస్తకాల సంగతి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం ఏంది మరి? వరుసపెట్టి మనుషుల జీవితాలే. ఆ అధ్యాయాన్ని మన ప్రసంగాల్లో సగంలోనే ఆపేస్తరు. 34వ వచనంలో విశ్వాసంతోని ఖడ్గధారను తప్పించుకున్నోళ్లు ఉన్నరు. మూడు వచనాలు దాటితే, 37లో, అదే విశ్వాసంతోని ఖడ్గంతో చంపబడ్డోళ్లు ఉన్నరు. ఇద్దరి పేరూ విశ్వాసులే. ఈ రెండో రకం సాక్ష్యం మన మైకుల్లో ఎప్పుడన్న విన్నరా?

నా అసలు మంట ఇక్కడున్నది. కథలు వద్దన్న నోళ్లే ఆస్పత్రి వార్డుల్లో కరపత్రాలు పంచుతయి. "మూడు రోజులు ఉపవాసముంటే కిడ్నీలు బాగైనయి, మందులు పారేసిన" అనే రకం. దాంట్లో డాక్టర్ పేరుండదు, ఊరుండదు, సంవత్సరం ఉండదు, రిపోర్టు ఉండదు. డయాలిసిస్ మీదున్న మనిషి అది నమ్మి రెండు విడతలు ఎగ్గొడితే ఏమైతదో తెలుసా? ఒంట్లో పొటాషియం పెరుగుతది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతది, గుండె ఆగిపోవచ్చు. బతికి బయటపడ్డా, బాగు కానందుకు "నీ విశ్వాసం చాలలేదు" అనే మాట మోయాలె. రోగం మీద నేరం కూడా మోపుడేనా ఆదరణ? పౌలు అంతటోడు తన ఒంట్లో ముల్లు లాంటి బాధను తీసెయ్యమని దేవుని మూడుసార్లు వేడుకున్నడు, అది పోలేదు. తనతోని తిరిగిన త్రోఫిమును రోగిగానే మిలేతు ఊర్లో విడిచి వచ్చినని తనే రాసిండు. పౌలుకు కూడా విశ్వాసం తక్కువైందంటరా?

2010లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చింది. కారు ప్రమాదంలో దెబ్బతిన్న పిల్లగాడు పరలోకం చూసి వచ్చిండని. మస్తు అమ్ముడుపోయింది. 2015 జనవరిలో ఆ పిల్లగాడే, నేను చనిపోలేదు, పరలోకానికి పోలేదు, అందరి దృష్టి నా మీద పడాలని అట్ల చెప్పిన అని బహిరంగంగా ఒప్పుకున్నడు. ప్రచురించినోళ్లు పుస్తకం వెనక్కి తీసుకున్నరు. ఆ ఒప్పుకోలు చెప్పకుండ అసొంటి కథలను ఇప్పటికీ చర్చిల్లో చెప్పుతనే ఉన్నరు.

అందుకే సాక్ష్యం పుస్తకం చేతికి రాంగనే కొన్ని చూడాలె. ఊరు, ఏడాది, పక్కనున్న మనుషులు ఉన్నరా? ఇంకెవరన్న సరిచూసుకునే వీలున్నదా? రాసినాయనకు తప్పులున్నయా, లేకుంటే మొదటి పేజీ నుంచే పరిశుద్ధుడా? జవాబు రాని ప్రార్థన ఒక్కటన్న ఉన్నదా? ఆఖరు పేజీల్లో బ్యాంకు ఖాతా నంబరు, కానుక పంపమనే మాట ఉంటే రోగి చేతికి ఇయ్యకండి. నవలైతే ఇంకోటి చూడాలె: అవిశ్వాసిగా రాసిన మనిషికి ప్రాణమున్నదా? పట్నం పోయిన బిడ్డ చెడిపోయి, యాక్సిడెంట్ అయి, ఆఖరి అధ్యాయంలో బలిపీఠం ముందు ఏడ్చే నవలలు ఒకటి చదివితే అన్నీ చదివినట్టే. అవి చదివినోళ్లకు తమ ఇంట్ల బిడ్డ ఇంకా తిరిగి రాకపోతే గుండె ఇంకింత పగులుతది.

మంచివి లేవా? మస్తున్నయి. తమిళనాడు దోనావూరులో పిల్లల కోసం బతుకు ధారపోసిన ఎమీ కార్మైకేల్ 1931లో గుంతలో పడ్డది. అప్పటి నుంచి 1951లో చనిపోయేదాక దాదాపు గది విడువలేదు. ఆ గదిలోనే రోగుల కోసం 'రోజ్ ఫ్రమ్ బ్రయర్' రాసింది. ఆరోగ్యంగా ఉన్నోళ్లు రోగులకు రాసిన పుస్తకాలు తనకు అంటలేదనే, రోగిగా తోటి రోగులకు రాసింది. ఆ తల్లికి మొదట చెప్పవలసిన పుస్తకం అది.

కోరీ టెన్ బూమ్ 'ద హైడింగ్ ప్లేస్' 1971లో వచ్చింది. హాలెండులో యూదులను ఇంట్లో దాచినందుకు 1944 ఫిబ్రవరిలో ఆమె కుటుంబాన్ని నాజీలు పట్టుకపోయిండ్రు. 84 ఏండ్ల తండ్రి పది రోజులకే ఖైదీగానే చనిపోయిండు. రావెన్స్‌బ్రుక్ శిబిరంలో బ్యారక్ నిండ గోమార్లు, దుంకి కుట్టే సన్న పురుగులు. అక్క బెట్సీ వాటి కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పమంటది. కోరీకి మనసొప్పదు, ఒప్పలేదనే రాసింది. ఆ గోమార్లకు భయపడే కావలివాళ్లు లోపలికి వస్తలేరని, అందుకే బైబిల్ చదువుకోగలుగుతున్నమని తర్వాత తెలుస్తది. మన ప్రసంగీకులు ఇక్కడిదాక చెప్పి హల్లెలూయ అంటరు. బెట్సీ ఆ డిసెంబరులో ఆ శిబిరంలోనే చనిపోయింది. అది చెప్పకుండ గోమార్ల ముచ్చట చెప్పుడు సగం సాక్ష్యం.

భార్య పోయిన, భర్త పోయిన మనిషికైతే సి.ఎస్. లూయిస్ 1961లో వేరే పేరుతోని అచ్చు వేయించిన 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్'. దేవుని దగ్గరికి పోతే మొఖం మీద తలుపేసి లోపల గడియ పెట్టుకున్నట్టున్నదని అంత పెద్ద క్రైస్తవ రచయిత రాసుకున్నడు. దినాలు కాకముందే ఇయ్యకండి, కొన్ని నెలలు పోనియ్యండి. ఇంట్ల విశ్వాసం విషయంలో కొట్లాటలున్నోళ్లకు మరాఠీలో లక్ష్మీబాయి తిలక్ ఆత్మకథ 'స్మృతిచిత్రే'. భర్త 1895లో బాప్తిస్మం తీసుకుంటే ఆమె ఏండ్ల తరబడి ఎడంగ ఉన్నది. ఆయన కోపం, తన మొండితనం ఏదీ దాచలేదు.

తెలుగులో చేతికి దొరికేది 'యాత్రికుని ప్రయాణము'. అది రాసిన జాన్ బన్యన్ పాత గిన్నెలకు మాట్లు వేసే మనిషి, అనుమతి లేకుండ బోధించినందుకు బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేండ్లున్నడు. 1678లో ఈ పుస్తకం అచ్చయింది. నిరాశలో ఉన్న మనిషికి మొదటి పేజీ నుంచి చదవకండి, సందేహపు కోట దగ్గర మొదలుపెట్టండి. క్రైస్తవుడు, నిరీక్షణ అనే ఇద్దరు యాత్రికులు బుధవారం పొద్దుగాల నుంచి శనివారం రాత్రిదాక చీకటి కొట్లో, తిండి లేక, దెబ్బలు తింటుంటరు. వాగ్దానమనే తాళంచెవి అన్ని రోజులూ క్రైస్తవుని రొమ్ములోనే ఉన్నది, మర్చిపోయిండు. యాదికొచ్చినంక కూడా ఆఖరి ఇనుప గేటు తాళం తొందరగ తిరగదు, బలంగ తిప్పాలె. ఇంత నిజమైనది కట్టుకథ ఎట్లయితది అయ్యగారూ?

డయాలిసిస్ బెడ్డు మీద చదువుడంటే దాని పద్ధతి వేరు. మామూలుగ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చెయ్యి కదిలించొద్దు, ఒక్క చేత్తోని లావు పుస్తకం పట్టుకోలేరు. పక్కన కూసున్నోళ్లే చదవాలె. మొదటి రెండు గంటల్లో చదవండి, ఆఖరి గంటలో బీపీ పడిపోవచ్చు, తల తిరుగుతది. ఒకసారికి పది పేజీలు చాలు. ఇంగ్లిష్ పుస్తకమైతే ఇంట్ల ముందే చదువుకొని, అక్కడ మన మాటల్లో చెప్పండి. చివర ఒక కీర్తన. 88వ కీర్తన కూడా చదవొచ్చు, భయపడకండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతది, ఓదార్పు మాట లేకుండ. అదీ దేవుని వాక్యమే.

ఇన్ని పేర్లు చెప్పిన గాని దాంట్లో మన తెలుగు మనిషి ఒక్కరు లేరు. ఇది నా పాత బాధ. గుర్రం జాషువా 1958లో 'క్రీస్తు చరిత్ర' రాసిండు, సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, కావ్యం ఉన్నది. మరి మన విశ్వాసుల బతుకులేవి? డోర్నకల్ మన పక్కనే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు పనిచేసింది అక్కడనే. ఆయన గురించి పుస్తకాలున్నయి. ఆ కాలంలో వాడవాడకు తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీల మాటలెక్కడ? జగిత్యాల, నిర్మల్ దిక్కు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుకుంట, దుబాయి పోయిన పెనిమిటి ఫోను కోసం చూసుకుంట, ప్రార్థనతోని పిల్లలను సాదిన అక్కల సాక్ష్యం ఎవరు రాసిండ్రు? ఆ తల్లి బెడ్డు పక్కన చదవవలసింది అది. హాలెండు నుంచి తెచ్చుకోవాల్సిన అవసరం ఉండకపోవు.

చర్చికి స్వర్ణోత్సవమైతే సంచిక వేస్తరు. నిగనిగలాడే కాగితం, నాయకుల ఫొటోలు, బంగారం దుకాణం ప్రకటన, కమిటీ సభ్యుల పాస్‌పోర్టు ఫొటోలు వరుసగా. ఎనభై ఏండ్ల అవ్వ మొదటి బెంచీలో కూసొని ఉంటది, ఆమెను ఒక్క ముచ్చట అడగరు. ఆ ఖర్చులో సగంతోని నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వస్తది. నడుమ పిన్ను కొట్టేది గనుక పేజీలు నాలుగుతోని భాగించేటట్టు ఉండాలె, అక్షరం పెద్దగ ఉండాలె.

ఆ అవ్వ లాంటోళ్ల మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి, వాళ్లింట్లనే, పాస్టరు గారు పక్కన లేనప్పుడు. ఆయనుంటే చర్చిలో చెప్పే మాటలే చెప్పుతరు. "దేవుడు ఏం మేలు చేసిండు" అని మొదలుపెట్టకండి. "ఆ రోజుల్లో కూలి ఎంత, ఏం తిన్నరు, బావి దగ్గర నీళ్లు తోడనిచ్చిండ్రా, ప్రార్థన విననట్టు ఎప్పుడనిపించింది" అని అడగండి. వాళ్ల మాటను గ్రాంథికం చెయ్యకండి. వాళ్లు చెప్పిన ఏడాదిని బాప్తిస్మ రిజిస్టరులో సరిచూడండి. అచ్చుకు పంపేముందు మొత్తం ఆ అవ్వకే చదివి వినిపించి, ఆమె తీసెయ్యమన్న పేర్లు తీసెయ్యండి, ఉంచమన్న తిట్లు ఉంచండి.