రేడియో వార్తలు చెబితే దేశానికి ప్రమాదమట!

టీవీలో నలుగురు నేతలు అర్ధరాత్రి దాకా గొంతు చించుకోవచ్చు. యూట్యూబులో ఎవరైనా మైకు పట్టుకుని ముఖ్యమంత్రిని దులిపేయవచ్చు. పత్రికల సంగతి సరేసరి. ఒక్క ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషను మాత్రం తమ ఊరి కౌన్సిల్ నిన్న ఏం తీర్మానించిందో సొంతంగా చెప్పకూడదు. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. వాజపేయి, మన్మోహన్, మోదీ ప్రభుత్వాలు మిగతా విషయాల్లో ఎంత కొట్టుకున్నా ఈ నిషేధం దగ్గర మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి. 2011 విధానంలో కాస్త దయతలచారు: ఆకాశవాణి వార్తలను అక్షరం మార్చకుండా తిరిగి వినిపించుకోవచ్చునట.

అదే విధానం కొన్నిటిని వార్తల కిందికి రావని తేల్చింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కరెంటు, నీటి సరఫరాపై స్థానిక అధికారుల ప్రకటనలు వగైరా. అంటే లక్డీకాపూల్ దగ్గర వాహనాలు ఆగిపోయాయని ఆర్జే చెప్పవచ్చు. వాటిని ఆపిన ధర్నా ఎవరిది, వాళ్ళ డిమాండ్ ఏమిటి అని నోరు విప్పితే గీత దాటినట్టే. ఫలితాలు చెప్పవచ్చు, పేపర్ లీకైన సంగతి ఎత్తకూడదు. రేపు కరెంటు ఉండదని చెప్పవచ్చు, చార్జీలు ఎందుకు పెంచారని అడగకూడదు. ఇంత సన్నటి గీత గీసిన అధికారి ఎవరోగానీ, ఆయన ఓపికకు దండం.

స్థానికులే తమ కోసం నడుపుకునే చిన్న స్టేషన్లయిన కమ్యూనిటీ రేడియోల పరిస్థితి ఇంకా అన్యాయం. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించి, పండగల గురించి, పాటల గురించి వాళ్ళు ఎంతైనా మాట్లాడవచ్చు. రాజకీయ స్వభావం ఉన్న కార్యక్రమం మాత్రం కూడదని నిబంధన. పల్లెలో విత్తనం ధర రాజకీయం కాకుండా ఎలా ఉంటుందో ఆ నిబంధన రాసినవారే చెప్పాలి.

దీనికి కేంద్రం సుప్రీంకోర్టులో చెప్పిన కారణం భద్రత. ఈ స్టేషన్ల వార్తలన్నిటినీ గమనించే యంత్రాంగం లేదు, దేశవ్యతిరేక శక్తులు వాడుకోవచ్చు అని. వందలాది శాటిలైట్ చానళ్ళకు లేని ప్రమాదం నాలుగు మండలాలకు కూడా సరిగా వినిపించని ట్రాన్స్‌మిటర్‌కు వచ్చిందా?

1995 ఫిబ్రవరిలో ఇదే సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. హీరో కప్ క్రికెట్ ప్రసారాల గొడవతో మొదలైన కేసు అది. ఆ తీర్పు రాసిన వారిలో మన హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. తరంగాలను ప్రభుత్వమూ గుప్పిట్లో పెట్టుకోకూడదు, డబ్బున్నవాడికీ వదిలేయకూడదు, స్వతంత్ర సంస్థ ఒకటి చూడాలి అన్నది ఆ తీర్పు సారం. ముప్ఫై ఏళ్ళు దాటాయి. ప్రసారాల మంచిచెడ్డలు చూసే ఆ స్వతంత్ర సంస్థ ఇప్పటికీ లేదు. ఈలోగా ప్రధాని 2014 అక్టోబరు నుంచి ఆకాశవాణిలో ‘మన్ కీ బాత్’ చెబుతున్నారు. చెప్పనివ్వండి, అది ఆయన హక్కు. జవాబు చెప్పదలచినవారికి మాత్రం ఎన్నికల వేళ పార్టీలకు కేటాయించే కొద్ది నిమిషాలు తప్ప రేడియోలో చోటేదీ?

“రేడియోకు వార్తలు వదిలేస్తే ఏకపక్ష ప్రచారమే మిగులుతుంది, అమెరికాలో ఏమైందో చూడలేదా?” అంటారు కొందరు. చూశాను. అక్కడ 1949 నుంచి ఒక నియమం ఉండేది: వివాదాస్పద ప్రజాసమస్యలను ప్రసారం చేయాలి, భిన్నమైన వాదనకూ చోటివ్వాలి. ఇరుపక్షాలకూ నిమిషం నిమిషం సమానంగా పంచమని కాదు. 1964లో పెన్సిల్వేనియాలోని ఒక చిన్న స్టేషనులో ఒక మతబోధకుడు ఒక రచయితను తిట్టిపోశాడు. జవాబు చెప్పుకోవడానికి సమయమివ్వమని ఆ రచయిత అడిగితే స్టేషను నిరాకరించింది. 1969లో అక్కడి సుప్రీంకోర్టు రచయిత పక్షాన నిలిచి, ప్రసారకర్త హక్కు కన్నా శ్రోత హక్కే పెద్దదని చెప్పింది. 1987లో రీగన్ కాలంలో ఆ నియమం ఎత్తేశారు. మరుసటి ఏడాదే రష్ లింబా అనే మితవాద రేడియో వ్యాఖ్యాత దేశమంతటా మోగడం మొదలుపెట్టాడు. ఏకపక్షపు రాజకీయ రేడియో అక్కడ పెద్ద వ్యాపారమైంది.

అది నాకూ నచ్చదు. ఇక్కడ అనుమతిస్తే పార్టీకో ఎఫ్‌ఎం పుట్టుకొస్తుందన్న భయమూ ఉత్తది కాదు. మన తెలుగు టీవీ రిమోటు నొక్కితే ఏ చానల్ ఎవరిదో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అయితే ఆ కారణంతో టీవీ వార్తలను నిషేధించలేదు కదా! యాజమాన్యం ఎవరిదో బయటపెట్టమనండి. ఒకే ఇంటికి పత్రికా, టీవీ, రేడియో మూడూ ఇవ్వకండి. తిట్లు తిన్నవాడికి అదే వేళలో జవాబు చెప్పే హక్కు ఇవ్వండి. ఫిర్యాదు వినేది మంత్రిత్వశాఖ మాత్రం కాకూడదు. 1975 జూన్ 26 ఉదయం దేశం ఎమర్జెన్సీ ప్రకటన విన్నది ఆకాశవాణిలోనే. మీట ప్రభుత్వం చేతిలో ఉంటే ఏమవుతుందో మనకు ఒకరు నేర్పనక్కర్లేదు.

ప్రైవేటు ఎఫ్‌ఎంలకు గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పే వీలివ్వాలని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. పది నిమిషాలు చాలవనే అంటాను, అయినా మొదలుపెట్టండి. ఈ నిషేధం ఉన్నది అనుమతి షరతుల్లో కాబట్టి తొలగించడానికి చట్టసవరణ అక్కర్లేదు. ఎటూ ఆ షరతులు తిరగరాస్తారు కనుక, మాచునూరు లాంటి స్టేషన్ల మీద ఉన్న రాజకీయ నిషేధాన్ని కూడా అప్పుడే కొట్టేయండి.