పాత ఫైలు దాచిపెట్టమనే మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఇది నాలుగోసారి. ‘దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లు సరైన డాక్టర్‌ని పట్టుకోవడానికి ఆరు సూత్రాలు’ అన్న మెసేజ్ కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, మా వదిన విడిగా పంపింది. నిన్న రాత్రి చిన్నప్పటి స్నేహితుడు ‘నీకు పనికొస్తుందని’ అంటూ మళ్లీ పంపాడు. ప్రేమతోనే పంపుతున్నారని తెలుసు. పన్నెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో, అంటే ఒక రకం కీళ్లవాతంతో బతుకుతున్నదాన్ని కాబట్టి అందరికీ ముందు నేనే గుర్తొస్తాను. కానీ ఇందులో ఒక పాయింటు మనిషి ప్రాణం తీయగలదు. అందుకే పని పక్కన పెట్టి కూర్చుని రాస్తున్నాను.

మొదటి సూత్రం, ‘జనం ఎక్కువగా వచ్చే డాక్టరే మంచి డాక్టర్’. రెండోది, ‘తల నెరిసిన డాక్టర్‌నే నమ్మండి’. వీటి మీద టైమ్ పెట్టను. నా జబ్బుకి కావాల్సింది రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే స్పెషలిస్ట్. అది తెలియక మొదటి ఏడాదిన్నర వేరే డాక్టర్ల చుట్టూ తిరిగాను. వాళ్లలో తల నెరిసినవాళ్లూ ఉన్నారు, గుమ్మం దాకా జనం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏ జబ్బుకి ఏ డాక్టరో ముందు తెలుసుకోవాలన్న ముక్క ఈ ఆరింటిలో ఎక్కడా లేదు.

మూడోది, ‘మందు సరైనదైతే వారంలో గుణం కనిపించాలి, లేదంటే డాక్టర్‌ని మార్చేయండి’. ఏ జబ్బుకి? ఏ మందుకి? నేను వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. దాని గుణం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నిజంగా రెండు మూడు రోజుల్లో నొప్పి తీసేసేది స్టెరాయిడ్. 1948లో ఫిలిప్ హెంచ్ అనే అమెరికా డాక్టర్ కదలడమే కష్టంగా ఉన్న ఒక కీళ్లవాతం రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే, ఆమె కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారతాయని, షుగర్ పెరుగుతుందని ఆ తర్వాత బాగా తెలిసొచ్చింది. స్టెరాయిడ్ చెడ్డదని నేననను, నన్ను నిలబెట్టిందీ అదే. కానీ వారంలో తగ్గించడమే గొప్పతనం అనుకుంటే, స్టెరాయిడ్ అని చెప్పకుండా మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడికే మనం దండం పెడతాం.

ఇక నాలుగోది. ‘కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు నాలుగు రోజులు మందులన్నీ ఆపండి. పాత ఫైలు చూపించకండి. అప్పుడే ఆయన సొంత తెలివితో అసలు జబ్బు పట్టుకుంటాడు.’

ఇది నేను చేశాను. ఎనిమిదేళ్ల కిందట అచ్చం ఇలాంటి మాటే ఒక బంధువు చెబితే విని, రెండేళ్లుగా రోజూ వేసుకుంటున్న ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు కీళ్లు పట్టేశాయి. మూడో రోజు వాంతులు. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే కళ్లు బైర్లు కమ్మాయి. స్పృహ వచ్చేసరికి బాత్రూమ్ నేల మీద ఉన్నాను, కుళాయి కారుతూనే ఉంది, బ్రష్ ఇంకా చేతిలోనే ఉంది. ఎమర్జెన్సీలో నా బీపీ చూసిన నర్సు మెషిన్ తప్పు చూపిస్తోందనుకుని రెండోసారి చూసింది. ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని డ్యూటీ డాక్టర్ మూడుసార్లు అడిగాడు. మా ఆయనకి పేర్లు గుర్తు లేవు. ఫైలేమో బీరువాలో చీరల కింద ఉంది, దాచింది నేనే. ఆయన ఇంటికి పరుగెత్తి అది తెచ్చాకే, స్టెరాయిడ్ పేరు చూసి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు.

రోజూ బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తాయి. మందు హఠాత్తుగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. బీపీ పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే మూడు నాలుగు వారాలకు మించి వాడినవాళ్లకి డాక్టర్లు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. స్టెరాయిడ్ ఒక్కటే కాదు. మూర్ఛ మందులు ఇలా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. గుండెకి, బీపీకి వాడే బీటా బ్లాకర్లు ఆపితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు. ముక్కూ మొహం తెలియని వేలమందికి ‘మందులన్నీ ఆపండి’ అని రాయడానికి ఆ మనిషికి చేతులెలా వచ్చాయి?

ఫైలు దాచి డాక్టర్ తెలివికి పరీక్ష పెడతారట. వైద్యం చేయించుకోవడానికి వెళ్తున్నామా, పొడుపుకథ వేయడానికా? నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పకపోతే, మూత్రంలో మంట అన్నప్పుడు ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ రాసేయవచ్చు. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూడేళ్ల కిందటి చేతి ఎక్స్‌రే పక్కన ఇవాళ్టిది పెట్టి చూస్తేనే జబ్బు ఎముకని ఇంకా తినేస్తోందో, ఆగిందో తెలిసేది.

ఐదోది, ‘టెస్టులు ఎక్కువ రాసేవాడు మోసగాడు’. అనవసరంగా రాసేవాళ్లు లేరనను. కానీ మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి లివర్, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారైనా చెయ్యాల్సిందే. అవి రాయని డాక్టర్‌ని చూస్తే నాకు భయం. ‘ఈ టెస్టు ఎందుకు, తేడా వస్తే వైద్యంలో ఏం మారుస్తారు?’ అని అడగండి. జవాబు చెప్పగలిగితే చేయించుకోండి.

ఆరోది దగ్గర ఆగిపోయాను. ‘మీ మాట పూర్తిగా వినని డాక్టర్ దగ్గర ఉండకండి.’ దీన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను, మనసు ఒప్పుకోలేదు. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డుపడ్డారు. నా జబ్బు బయటపడిందీ ఒకరు విన్నందువల్లే. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది కాబట్టి నాకేమీ లేదని, అంతా టెన్షనేనని ముగ్గురు పంపించేశారు. నాలుగో ఆవిడ ‘పొద్దున లేచాక ఏ పని చెయ్యలేకపోతున్నారు?’ అని అడిగి, పెన్ను కింద పెట్టింది. బొత్తాలు పెట్టుకోలేనని, తొమ్మిదింటి దాకా కుళాయి తిప్పలేనని చెప్పాను. నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కుతూ, వేళ్లని కాకుండా నా మొహాన్ని చూసింది. ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చని మొదట చెప్పింది ఆవిడే. ఈ ఒక్క సూత్రం నిజం, ఒప్పుకుంటున్నాను.

నిన్న రాత్రి నాకు పంపిన స్నేహితుడా, ఇదే మెసేజ్ మీ అత్తయ్యకీ పంపానన్నావు. ఆవిడ ఆరు నెలలుగా స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నారని నువ్వే చెప్పావు. ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి. మాత్ర ఆపొద్దని చెప్పు, ఫైలు వెంట తీసుకెళ్లమని చెప్పు. నాకు ఆ తర్వాత జవాబిద్దువుగాని.